ఆరేళ్ళ మావాడికి పెర్తెస్ అన్నారు, పరుగు ఆపేదెలాగండి?

సఖినేటిపల్లి_అమ్మ
18 జూన్ 2023, రాత్రి 10:42

అందరికీ నమస్కారమండి. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

మావాడికి మొన్న మార్చికి ఆరేళ్ళు నిండాయి. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు. ఎక్కడరా నొప్పి అంటే మోకాలు చూపిస్తాడు. పొద్దున్న బాగానే ఉంటాడు, ఆటలో పడితే అసలు గుర్తుండదు, దీపాలు పెట్టే వేళకి కుంటుకుంటూ వస్తాడు. మా అత్తగారు దిష్టి తీశారు. నేను కొబ్బరినూనె వెచ్చచేసి మర్దనా చేశాను. దగ్గర్లో డాక్టరుగారు మోకాలికి ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదమ్మా, ఎదిగే పిల్లల నొప్పులు అని సిరప్పు రాశారు. అలా నాలుగు నెలలు పోయాయండి.

పోయినవారం రేవు దాటి భీమవరం తీసుకెళ్ళాం. అక్కడి ఎముకల డాక్టరుగారు మోకాలు ముట్టుకోనే లేదు. వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి తొడ లోపలికి తిప్పి చూశారు, పక్కకి విప్పి చూశారు. కుడికాలు విచ్చుకున్నంత ఎడమకాలు విచ్చుకోలేదు. అప్పుడు తుంటికి రెండు ఫోటోలు తీయించారు, ఒకటి తిన్నగా పడుకోబెట్టి, ఒకటి కప్పలా కాళ్ళు విప్పి. తొడ ఎముక తలకాయకి రక్తం అందక ఆ ముక్క చచ్చిపోయింది, దీన్ని పెర్తెస్ అంటారు అన్నారు. చచ్చిపోయింది అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ తర్వాత ఆయన చెప్పింది సగం వినలేదు.

విన్న సగం ఏంటంటే, గెంతకూడదు, పరిగెత్తకూడదు, ఎత్తుల మీంచి దూకకూడదు, రెండు మూడేళ్ళు పట్టొచ్చు. మా ఇంటికి నాలుగు పక్కలా కొబ్బరితోట, ఎదురుగా పంటబోదె, దాని మీద తాటిదుంగ. వాడు నడిచి వెళ్ళడం నేను పుట్టి ఎరగను, ఎక్కడికైనా పరుగే. ఎలా ఆపారండీ మీరంతా?

మస్కట్_తండ్రి
18 జూన్ 2023, రాత్రి 11:55

చెల్లెమ్మా, ముందు పడుకో. ఇది రాత్రికి రాత్రి ముదిరే జబ్బు కాదు.

మాది రాజోలు పక్కన. మావాడికి ఐదో ఏట వచ్చింది, ఇప్పుడు తొమ్మిది. నేనిక్కడ, వాళ్ళక్కడ. వీడియో కాల్ చేస్తే వాడు నడిచొచ్చి ఫోను ముందు కూర్చునేవాడు. నేను ముందు వాడి కాలు చూసేవాణ్ణి, మొహం తర్వాత. ఒకరోజు మా ఆవిడ పట్టేసింది. "కాలు నేను చూసుకుంటాను గానీ మీరు మొహం చూడండి" అంది. అప్పట్నుంచి మానేశాను. మానేశానని చెప్తాను గానీ పూర్తిగా మానలేదు.

ఇక నీ ప్రశ్న. మేం మొదటి నెలంతా "వద్దు" అనడమే. లేస్తే వద్దు, అరుగెక్కితే వద్దు. వాడు మాట వినడం మానేశాడు, అంతే. తర్వాత మూడింటికే వద్దు పెట్టుకున్నాం. అరుగు మీంచీ గోడ మీంచీ దూకడం, పరుగు పందెం, చెట్టెక్కడం. మిగతాది చూసీ చూడనట్టు వదిలేశాం. సైకిలు తొక్కొచ్చు అన్నారు మా డాక్టరు, అది మా పాలిట దేవుడే. సైకిలు మీద వాడు పరిగెడుతున్నట్టే ఉంటుంది, కీలు మీద ఒంటి బరువు పడదు. మీ డాక్టర్ని కూడా అడుగు. అందరికీ ఒకే దశలో ఒకే మాట చెప్పరు.

గోదారి_గట్టు
19 జూన్ 2023, ఉదయం 6:10

ఇదంతా ఎందుకండీ. పుత్తూరు కట్టు కట్టించండి. మా బావమరిది చెయ్యి రెండుచోట్ల విరిగితే మూడు కట్లకి కొబ్బరికాయ దించాడు. ఇంగ్లీషు డాక్టర్లకి కోత తప్ప ఇంకేం తెలీదు.

మస్కట్_తండ్రి
19 జూన్ 2023, ఉదయం 8:02

బాబాయ్, మీ బావమరిదికి ఎముక విరిగింది. ఈ పిల్లాడికి ఎక్కడా విరగలేదు. రక్తం అందలేదు. కట్టు కడితే రక్తం వస్తుందా?

గోదారి_గట్టు
19 జూన్ 2023, ఉదయం 8:15

ఆయ్, నాకు తెలిసింది చెప్పాను. వింటే వినండి.

ఫిజియో_భీమవరం
19 జూన్ 2023, మధ్యాహ్నం 2:20

పేషెంట్లు తగ్గాక రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

అమ్మా, "చచ్చిపోయింది" అన్నది నిజమే గానీ కథ అక్కడితో ఆగదు. తొడ ఎముక పైకొసన బంతిలాంటి తల ఉంటుంది, అది తుంటిలోని గిన్నెలో తిరుగుతుంది. పిల్లల్లో ఆ బంతికి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి. ఏదో కారణానికి అది ఆగిపోతుంది. ఎందుకో ఎవరూ తేల్చలేదు. మీరు ఎత్తుకున్న తీరువల్లా కాదు, వాడు దుంగ మీంచి పడ్డందువల్లా కాదు, క్యాల్షియం తక్కువై అసలే కాదు. ఆ తర్వాత ఒళ్ళే చచ్చిన ఎముకని కొంచెం కొంచెంగా తవ్వి తీసేస్తుంది, ఆ చోట కొత్త ఎముక పోసుకుంటుంది. తవ్వకం ఏడాదో ఏడాదిన్నరో సాగుతుంది. కొత్తది గట్టిపడి ఒక రూపుకి రావడానికి ఇంకా చాలాకాలం. మొత్తం కలిపి రెండు నుంచి నాలుగేళ్ళు.

చిక్కంతా మధ్యలో ఉంది. తవ్వకం జరిగే రోజుల్లో ఆ తల మెత్తగా ఉంటుంది. మనవైపు బెల్లం వంట చూశారుగా. పాకం అచ్చులో పోసి కదలకుండా ఉంచితే అచ్చు ఆకారమే వస్తుంది. అచ్చు పక్కన ఒలికితే అక్కడే చదునుగా గట్టిపడిపోతుంది. ఇక్కడ అచ్చు తుంటి గిన్నె. బంతి గిన్నెలోనే ఉండి గట్టిపడితే గుండ్రంగా మానుతుంది. బయటికి జారి నలిగితే పుట్టగొడుగులా చదునవుతుంది. అందుకే కాళ్ళు ఎడంగా విప్పించే వ్యాయామాలు చేయిస్తాం, అవి తగ్గకుండా చూడటమే నా ఉద్యోగం. కాళ్ళు విప్పితే బంతి గిన్నెలోకి దిగుతుంది.

ఆరేళ్ళలోపు వస్తే ఎక్కువమందికి బాగానే మానుతుంది. ఎనిమిది దాటాక వస్తే కష్టం, మానడానికి మిగిలిన ఎదుగుదల తక్కువ. మీవాడు అంచు మీద ఉన్నాడు, కాబట్టి గాభరా వద్దు, అశ్రద్ధా వద్దు. రిపోర్టులో ఎ, బి, సి అని రాస్తే అది తల బయటివైపు ఎంత ఎత్తు నిలిచిందో చెప్పే లెక్క. ఎ అంటే కుంగలేదు. బి అంటే సగానికి పైన నిలిచింది. సి అంటే సగానికన్నా కుంగింది. తవ్వకం మొదలైతే గానీ అది తేలదు, అందుకే మొదటి ఎక్స్‌రే చూసి ఏ డాక్టరూ జాతకం చెప్పడు.

ఇంకొకటి. మోకాలు చూపించాడని వాణ్ణి తప్పు పట్టకండి. తుంటికీ మోకాలికీ కబురు మోసే నరం ఒకటే, నొప్పి అక్కడ పుట్టి ఇక్కడ తెలుస్తుంది. పిల్లాడు కుంటుతూ మోకాలు చూపిస్తే తుంటి కూడా చూడాలని మాకు మొదటి ఏడాదే చెప్తారు. చెప్పినా మర్చిపోతారు.

లంక_పంతులమ్మ
19 జూన్ 2023, రాత్రి 9:05

ఫిజియో గారూ, బెల్లం మాట బాగుందండి. నేను దీని గురించి వెతికితే ఒకటి దొరికింది. 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్సులో కాల్వే, జర్మనీలో పెర్తెస్, ముగ్గురూ ఎవరికి వారే దీని గురించి రాశారట. అంతకుముందు కుంటే పిల్లల్ని తుంటి టీబీ కింద జమకట్టేవాళ్ళు. ఎక్స్‌రే వచ్చాకే రెండూ వేరని తేలింది.

ఫిజియో_భీమవరం
19 జూన్ 2023, రాత్రి 9:40

నిజమే మేడమ్. మనదగ్గర టీబీ ఇప్పటికీ ఉంది కాబట్టి రక్తపరీక్షలు చేయించాకే పెర్తెస్ అంటాం. మన దేశంలో దీని మీద బాగా పనిచేసింది కర్ణాటకలో మణిపాల్ డాక్టర్లు. ఉడుపి తీరంలో ఈ జబ్బు ఎక్కువ కనబడిందని వాళ్ళే రాశారు. తీరానికీ దీనికీ ఏం సంబంధమో మాత్రం అడక్కండి.

సఖినేటిపల్లి_అమ్మ
22 జూన్ 2023, సాయంత్రం 5:30

అందరికీ చాలా థాంక్సండి. ఫిజియో గారి పోస్టు మావారికి చదివి వినిపించాను, అత్తగారికి రెండుసార్లు. ఆవిడకి బెల్లం బాగా ఎక్కింది. ఇప్పుడు వాడు ముణుక్కుని కూర్చుంటే "ఒరేయ్, అచ్చు! అచ్చు!" అని అరుస్తున్నారు.

మూడో రోజున జామచెట్టు మీద దొరికాడు. దిగమంటే దూకుతాడని భయం, ఎక్కి దింపడానికి నాకు చెట్లు రావు. నిచ్చెన తెచ్చేదాకా కింద నిలబడి కథ చెప్పాను.

ఒక మాట అడగాలి. ఇంట్లో పొగ తాగితే ఇది వస్తుందని యూట్యూబ్‌లో చూశాను. మావయ్యగారు లంకపొగాకు చుట్ట కాలుస్తారు, వీడెప్పుడూ ఆయన పక్కనే. నిజమేనా?

ఫిజియో_భీమవరం
22 జూన్ 2023, రాత్రి 8:15

పొగ తాగే ఇళ్ళలో పిల్లలకి ఇది ఎక్కువ కనిపించిందని కొన్ని పరిశీలనల్లో తేలింది. దానివల్లే వచ్చిందని ఎవరూ రుజువు చేయలేదు. పెద్దాయన మీద వేయకండి. అలాగని ఇంట్లో కాల్చనివ్వకండి.

సఖినేటిపల్లి_అమ్మ
25 జూన్ 2023, రాత్రి 10:10

చెప్పేపని నేను పెట్టుకోలేదండి, మావారు చెప్పారు. మావయ్యగారు ఏమీ అనలేదు. మర్నాటి నుంచి చుట్ట తీసుకుని ఏటిగట్టు దాకా వెళ్ళి కాల్చుకుని వస్తున్నారు. ఆయనకి మోకాళ్ళు నొప్పులు, మెల్లగా నడుస్తారు. వీడు వెంట వెళ్తానంటే వద్దంటున్నారు. వాకిట్లో నిలబడి వీడూ, వెనక్కి చూసుకుంటూ ఆయనా. అది చూళ్ళేకపోతున్నాను.

లంక_పంతులమ్మ
26 జూన్ 2023, సాయంత్రం 4:45

బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగేళ్ళ కిందట నా క్లాసులో ఇలాంటి పిల్లాడు ఉన్నాడు. తల్లి వచ్చి కాగితం ఇచ్చి వెళ్ళింది, పరుగు వద్దు, డ్రిల్లు వద్దు అని. నేను వాణ్ణి డ్రిల్లు పీరియడులో క్లాసులోనే కూర్చోబెట్టాను. మంచి చేశాననే అనుకున్నాను. నెలకి వాడు బడి మానేశాడు. ఇంటికెళ్ళి అడిగితే "అందరూ ఆడుకుంటుంటే నన్ను శిక్ష వేసినట్టు కూర్చోబెడుతున్నారు" అన్నాడు. అప్పటికి గానీ నాకు తట్టలేదు.

తర్వాత గంట కొట్టే పని వాడికిచ్చాం. గడియారం చూడ్డం రెండు రోజుల్లో నేర్చేసుకున్నాడు. మధ్యాహ్నం గంట అయిదు నిమిషాలు ముందే కొట్టేవాడు, స్నేహితులు ఎక్కువయ్యారు. మీరు టీచరుకి "వద్దు"ల జాబితాతో పాటు వాడు చేయగలిగినవి కూడా రాసి ఇవ్వండి. నేలమీద కాకుండా బెంచీ మీద కూర్చోబెట్టమనండి, వాడొక్కణ్ణే కాదు, పక్కన ఇంకొకర్ని కూడా.

పాలకొల్లు_నాన్న
2 జులై 2023, రాత్రి 11:20

రెండు వారాలుగా చదువుతున్నానండి, రాయలేదు. మాది పాప. ఎనిమిదేళ్ళు. పాపలకి అరుదన్నారు, మాకే రావాలా. డాక్టరు ఆపరేషనే మంచిదన్నారు, తొడ ఎముక కోసి వంపు మార్చి ప్లేటు వేస్తారట. ఆడపిల్ల, తొడ మీద అంత మచ్చ, రేపు పెళ్ళి… మా అమ్మ ఒకటే ఏడుపు.

కాకినాడ_పిన్ని
3 జులై 2023, ఉదయం 7:00

మచ్చ చీర కింద ఉంటుంది నాయనా. కుంటు చీర కింద దాగదు. మా అక్క కొడుక్కి తొమ్మిదో ఏట చేశారు, నేనే ఆసుపత్రిలో ఉన్నాను. బంతిని గిన్నెలోకి వంచి పెట్టడానికే ఆ కోత. ఏడాదిన్నరకి ప్లేటు తీసేశారు. ఆ కాలు కొంచెం పొట్టి అయింది, చెప్పు లోపల మడమ కింద ముక్క వేసుకుంటాడు. డిప్లొమా చదువుతున్నాడిప్పుడు.

ఆరోగ్యశ్రీ కార్డుంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే కలువు. దేనికి వర్తిస్తుంది, దేనికి మన చేతి డబ్బు అనేది తేల్చుకున్నాకే తేదీ వేయించుకో. మేం తర్వాత అడిగి ఇబ్బంది పడ్డాం.

ఫిజియో_భీమవరం
3 జులై 2023, మధ్యాహ్నం 1:30

ఇది మగపిల్లల్లో ఆడపిల్లలకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ, అది నిజం. కానీ వచ్చిన ఆడపిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదండి. అమ్మాయిల ఎముక త్వరగా ముదురుతుంది, సరిదిద్దుకునే వ్యవధి తక్కువ. మీ డాక్టరు ఊరికే అని ఉండరు. అనుమానముంటే ఇంకో చోట చూపించండి, మూడో చోటు వెతక్కండి.

తణుకు_కుర్రోడు
3 జులై 2023, రాత్రి 10:50

నాకు 29. ఏడో ఏట వచ్చింది. అందరూ తల్లిదండ్రులే రాస్తున్నారని రాస్తున్నాను.

నొప్పి నాకు పెద్దగా గుర్తులేదు. గుర్తున్నది మా నాన్న నన్ను బడి దగ్గర సైకిలు దించి, నేను గేటు లోపలికి వెళ్ళేదాకా అక్కడే నిలబడి నా నడక చూడ్డం. వీపు మీద ఆ చూపు తెలిసేది. నేను కావాలని తిన్నగా నడిచేవాణ్ణి, క్లాసులోకి వెళ్ళాక కుంటేవాణ్ణి. అందువల్ల ఆయన చాన్నాళ్ళు తగ్గిందనుకున్నారు. మస్కట్ అన్నగారి మాట చదివాక ఇది రాయాలనిపించింది. మొహం చూడండి, పిల్లలు కాలు దాచేస్తారు.

ఇప్పుడు ఎడమకాలు సెంటీమీటరున్నర తక్కువ. మఠం వేసుకుని పావుగంట కూర్చోలేను, పెళ్ళిలో పీటల మీద ఎలా అని మావాళ్ళు అప్పుడే మొదలెట్టారు. ముసలితనంలో కీలు మార్పించాల్సి రావచ్చన్నారు. వస్తే చూద్దాం. ఈత బాగా వచ్చు. మా తాత అరటిబోదెలు కట్టి చెరువులో దింపాడు, నీళ్ళలో నా రెండు కాళ్ళూ సమానమే.

సఖినేటిపల్లి_అమ్మ
30 జులై 2023, మధ్యాహ్నం 3:15

గోదారికి వరద వచ్చిందండి. రేవు దాటించే పంటు ఆపేశారు. రేపు భీమవరం చెకప్పు. కారు మాట్లాడుకుని చించినాడ వంతెన మీంచి వెళ్దామంటున్నారు మావారు. ఈ జబ్బు సగం రోడ్డు మీదే గడుస్తుంది కదండీ.

గోదారి_గట్టు
30 జులై 2023, మధ్యాహ్నం 3:40

ఆయ్, వంతెన మీంచే వెళ్ళండి. పంటు మళ్ళీ ఎప్పుడు వదుల్తారో రేవులో కుర్రోళ్ళని కనుక్కుని ఇక్కడ పెడతా.

సఖినేటిపల్లి_అమ్మ
24 సెప్టెంబర్ 2023, రాత్రి 11:00

కాలు ఇంకా బిగుసుకుంది. బంతి బయటివైపు కొంచెం జరిగిందన్నారు. మత్తిచ్చి, కీలులోకి రంగు మందు ఎక్కించి ఫోటో చూస్తారట. గజ్జల దగ్గర బిగిసిన తాడులాంటిది కొంచెం కోసి, రెండు కాళ్ళకీ సిమెంటు కట్టు వేసి, రెంటికీ మధ్య కర్ర పెడతారట. ఆరు వారాలు. వ్యాయామం నేను సరిగ్గా చేయించలేదేమో అని ఉంది.

ఫిజియో_భీమవరం
25 సెప్టెంబర్ 2023, ఉదయం 7:30

చేయించారు. చేయించినా కొందరికి బిగుస్తుంది. దాన్ని మోసుకు తిరక్కండి.

మస్కట్_తండ్రి
25 సెప్టెంబర్ 2023, ఉదయం 9:10

మావాడికీ అదే కట్టు. మా ఆవిడ చెప్పినవి రాస్తున్నాను, ఆసుపత్రిలో ఎవరూ చెప్పనివి.

కాళ్ళు ఎడంగా బిగుసుకుని ఉంటాయి, గుమ్మంలో తిన్నగా పట్టడు. పక్కకి తిప్పి, ముందు ఒక కాలు తర్వాత ఇంకోటి దూర్చాలి. ఆటోలో పట్టడు. వెనక సీటు వెడల్పున్న కారు చూసుకోండి. ఆ మధ్య కర్ర పట్టుకుని ఎత్తకండి, ఎంత వాటంగా కనిపించినా సరే. కట్టు విరుగుతుంది.

నవారు మంచానికి మధ్య నాలుగు పట్టీలు తీసేయించి కింద బేసిను పెట్టండి. చీమలు వస్తాయి, అన్నం మెతుకు కట్టులోకి జారినా చాలు. మంచం కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. దురద అంటాడు, పుల్ల పెట్టనివ్వకండి, లోపల గీరుకుంటే పుండు పడుతుంది. రోజుకి నాలుగుసార్లు వేళ్ళు చూడండి. నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరి అన్నా రాత్రనక పగలనక బయల్దేరండి. కొన్ని గంటలకోసారి బోర్లా తిప్పండి.

మొదటి మూడు రాత్రులు ఎవరూ నిద్రపోరు. నాలుగోరోజు వాడికి అలవాటైపోతుంది. మీకు అవ్వదు.

సఖినేటిపల్లి_అమ్మ
29 అక్టోబర్ 2023, రాత్రి 9:30

మూడో వారం. అన్నగారు చెప్పినవన్నీ అచ్చంగా జరిగాయి, చీమలతో సహా. మంచం ఊళ్ళో వడ్రంగి తాత చేసిచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

మొన్న కొబ్బరి దింపు. వాణ్ణి మంచంతో సహా చావిట్లోకి తెచ్చాం. రాశి పోస్తుంటే లెక్క వాడిదే. "లాభం, రెండు, మూడు" అని మొదలెట్టి వందైనప్పుడల్లా గీత గీశాడు. కాయలు కొనే ఆయన లెక్కకీ వీడి లెక్కకీ ఎనిమిది కాయలు తేడా వచ్చింది. తిరిగి లెక్కపెడితే వీడిదే కరెక్టు! మావయ్యగారు ఊరంతా చెప్పారు. గట్టు మీద చుట్ట కాల్చుకుంటూ చెప్పారు, అది వేరే.

తణుకు_కుర్రోడు
29 అక్టోబర్ 2023, రాత్రి 9:50

ఎనిమిది కాయలకి కమిషన్ ఇప్పించండి వాడికి.

పాలకొల్లు_నాన్న
12 ఫిబ్రవరి 2024, రాత్రి 10:30

ఇన్నాళ్ళూ తాత్సారం చేశాను, తప్పు నాదే. రెండో చోట చూపిస్తే వాళ్ళూ అదే అన్నారు. వచ్చేనెల 4న ఆపరేషను. తర్వాత నడుము దాకా కట్టు ఉంటుందట. పాపకి చెప్పాను. ప్లేటు ఇనుముదా వెండిదా అని అడిగింది. అమ్మగారూ, మీవాడెలా ఉన్నాడు?

సఖినేటిపల్లి_అమ్మ
13 ఫిబ్రవరి 2024, ఉదయం 6:20

కట్టు తీసి మూడు నెలలండి. తీసిన రోజు కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి, నిలబెడితే ఏడ్చాడు. ఇప్పుడు చంకకర్రలతో తిరుగుతున్నాడు, సైకిలు మళ్ళీ తొక్కుతున్నాడు. కాలు బాగా విచ్చుకుంటోంది. మొన్నటి ఫోటోలో బయటి అంచున తెల్లగా చిన్న చార కనబడింది, కొత్త ఎముక అన్నారు. నాకైతే మేఘంలా కనిపించింది, ఆయన వేలు పెట్టి చూపిస్తే గానీ తెలీలేదు. బి అని రాశారు. ఇంకా ఏడాది పైనే ఉందన్నారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం చూడాలని ఒకటే గొడవ, వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కించుకుంటానన్నారు.

ఆ నవారు మంచం చావిట్లో ఖాళీగా ఉంది. పాపకి పనికొస్తుంది, పొడుగు సరిపోతుంది. పంపిస్తాను, కొత్తది చేయించకండి. పంటు ఎక్కించడమే ఎలాగో.

పాలకొల్లు_నాన్న
13 ఫిబ్రవరి 2024, ఉదయం 6:45

ఏమనాలో తెలీడం లేదండి.

గోదారి_గట్టు
13 ఫిబ్రవరి 2024, ఉదయం 7:05

నాకు టాటా ఏస్ ఉందండి. ఆదివారం ఆరింటికి మొదటి పంటుకి ఎక్కించేస్తా, తొమ్మిదింటికల్లా పాలకొల్లులో దింపేస్తా. కోళ్ళ కింద పెట్టే గిన్నెలు కూడా ఇచ్చెయ్యండమ్మా, మళ్ళీ వాళ్ళు వెతుక్కోవాలి.